రాకాసి తప్పించుకు తిరిగిన గుడిసె

నా చిన్నప్పుడు ఒక మనిషి మా ఇంటికి రాకూడదని దేవుడికి మొక్కుకునేదాన్ని. అతను చెడ్డవాడు కాదు. మా చుట్టుపక్కల ఊళ్ళలో అంత మంచివాడు లేడని అప్పటికే నాకు తెలుసు. తెలిసే మొక్కుకున్నాను. ఈ మాట అమ్మకు చెప్పలేదు. టెక్కలిలో చదువుకునేటప్పుడు హాస్టల్ గదిలో పక్క మంచం మీద పడుకునే స్నేహితురాలికి చెప్పలేదు. రోజూ డైరీ రాసుకుంటాను కదా, అందులో కూడా ఎన్నడూ రాయలేదు. రాక్షసుడంటే భయపడే పిల్లల్ని అందరూ అర్థం చేసుకుంటారు. మునీశ్వరుడంటే భయపడే పిల్లని ఎవరు అర్థం చేసుకుంటారు?

మాది ఉద్దానంలో సముద్రానికి దగ్గరగా ఉండే ఊరు. ఇంటి వెనక తలుపు తీస్తే కొబ్బరిచెట్లు, అవి దాటితే జీడితోట, అదీ దాటితే ఇసుక. మా నాన్న ఎక్కడో దూరంగా ఓడరేవులో పనిచేస్తూ ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. అమ్మ తెల్లవారగానే ఆటోలో పలాస వెళ్ళి, జీడిపిక్కలు కొట్టే పనిచేసి, దీపాలు పెట్టే వేళకు వేళ్ళ నిండా నల్లటి జీడి మరకలతో తిరిగొచ్చేది. నన్ను పెంచింది మా తాతయ్య, నాన్నమ్మ.

తాతయ్య ఏడాది పొడుగునా కొబ్బరి రైతు. అమ్మవారి సంబరాలు వచ్చినప్పుడు మాత్రం రాక్షసుడు. మా వైపు ఊళ్ళు నాలుగైదు కలిసి నడుపుకునే నాటకంలో ధూమకర్ణుడి వేషం ఆయనదే. అది పురాణాల్లో ఉన్న కథ కాదు. నాటకం నేర్పే గురువుగారు సొంతంగా కట్టుకున్నది. ధూమకర్ణుడు ఊళ్ళలో బావులన్నీ తాగేస్తాడు. అతను ఊపిరి వదిలితే చెవుల్లోంచి పొగ వస్తుంది. పిల్లలం పొగచెవుల రాకాసి అనేవాళ్ళం. ముఖానికి పసుపుపచ్చటి అర్దళం పూత, దాని మీద ఎర్రటి గీతలు, కళ్ళ చుట్టూ మసి, తల మీద కిరీటం, భుజకీర్తులు, కాళ్ళకు బరువైన గజ్జెలు. ఆయన రంగం మీదికి దూకితే ముందు వరసలో పిల్లలు గొల్లున ఏడ్చేవారు. నేను ఏడ్చేదాన్ని కాదు. ఆ మసి కింద ఉన్నది పొద్దున నా జడకు రబ్బరుబ్యాండు వేసిన మనిషని నాకు తెలుసు.

నాకు భయం వేసేది ఆ తర్వాత వచ్చే మునిని చూస్తే.

ముని వేషం గురువుగారిదే. అతనిది సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. వలలు లాగీ లాగీ ఒక భుజం కిందికి జారిపోయి ఉండేది. పిల్లలం గురువు తాత అనేవాళ్ళం. గట్టిగా మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. అతను గొంతు తగ్గించేకొద్దీ జనం ముందుకు వంగేవారు. నాటకంలో ధూమకర్ణుడు భూమి మీద ఇల్లన్నది లేకుండా చేస్తాడు గానీ, సముద్రం ఒడ్డున ఉన్న ముని గుడిసె జోలికి మాత్రం పోడు. సైన్యం అటు వెళ్తుంటే, చుట్టూ తిరిగి వెళ్ళమంటాడు. హాస్యగాడు అడుగుతాడు, ముల్లోకాలు మింగీసిన మా రాకాసికి ముసలోడి తాటాకు గుడిసె గొంతుకు అడ్డం పడతాదేటి అని. జనం నవ్వేవారు. ధూమకర్ణుడు జవాబు చెప్పడు.

చివరికి ముని ఒంటరిగా, చేతిలో కర్ర కూడా లేకుండా, నడుచుకుంటూ రాక్షసుడి కొలువుకే వస్తాడు. ధూమకర్ణుడు వణుకుతూ సింహాసనం వెనక్కి పోతాడు. అక్కడ ముని అనేది ఒకటే మాట. మిగతా నాటకమంతా పద్యాలూ దరువులూ, ఈ మాట మాత్రం మా ఇళ్ళల్లో అనుకునే మాట.

"బువ్వ తిన్నావేటిరా?"

అంతే. రాక్షసుడు కూలిపోతాడు. నాటకం అయిపోతుంది. ఒకప్పుడు ధూమకర్ణుడు ఆ ముని దగ్గర చదువుకున్న పిల్లవాడని, ఆకలేసి ఆ గుడిసె ముందుకు వచ్చినవాడని మనకు అప్పుడు తెలుస్తుంది.

నాకిది ఎంత ఆలోచించినా అంతుబట్టేది కాదు. ముని దగ్గర కత్తి లేదు. శాపం పెట్టడు. అంత పెద్ద రాక్షసుడు అతన్ని చూసి ఎందుకు వణకాలి? నాన్నమ్మను అడిగితే, తపస్సు చేసినోళ్ళ కంట్లో నిప్పుంటుందని చెప్పి పొయ్యిలో పుల్ల ఎగదోసేది. హాస్యగాడి వేషం వేసే మావను అడిగితే, ముసలోడు తిండి గురించి అడిగి తర్వాత తిండిఖర్చు అడుగుతాడేమోనని భయం అన్నాడు. తాతయ్యను అడిగితే మాత్రం నవ్వకుండా నా వైపు చూసి, గజ్జె కట్టినరోజు సెప్తాను అన్నాడు. ప్రతి ఏడూ అదే మాట. గజ్జె కట్టినరోజు ఆయనకు ఎక్కడ తీరుతుంది?

నా భయానికి కారణం నాటకంలో లేదు. ఊళ్ళో ఉంది.

మా వైపు కిడ్నీల జబ్బు సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు. అప్పట్లో దాన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. ఫలానావాడికి కాళ్ళు పొంగాయట అనుకునేవారు, గొంతు తగ్గించి. కొన్నాళ్ళకు ఆ ఇంటి ముందు పాడె కట్టేవారు. నాటకం జట్టులోనే మద్దెల కొట్టే ఆయన పోయాడు. రాణి వేషం వేసే ఆయన పోయాడు. ప్రతి సంబరానికీ ఒక పాత్ర ఖాళీ అయ్యేది. ఊళ్ళో అందరూ చూసింది ఏమిటంటే, ఆసుపత్రికి వెళ్ళి పరీక్షకు రక్తం ఇచ్చినవాళ్ళు ఇచ్చిన కొద్దికాలానికే పోతున్నారు. లేవలేని స్థితి వచ్చాకే వెళ్తున్నారని ఎవరికీ తోచలేదు. రక్తం తీస్తేనే జబ్బు బయటపడి మీదపడుతుందని నమ్మేవారు. నిద్రపోతున్న పామును లేపినట్టు. కాబట్టి కాలు పొంగితే ఉప్పునీళ్ళ కాపడం, నొప్పి వేస్తే కొట్లో దొరికే బిళ్ళ. సూది వరకు ఎవరూ పోయేవారు కాదు.

గురువు తాత కొడుకు పోయింది అలాగే. చేపల వేటకు వెళ్ళే కుర్రాడు, పెళ్ళయిన కొత్త. తండ్రే విశాఖపట్నం తీసుకెళ్ళి రక్తం పరీక్ష చేయించాడు. తిరిగొచ్చాక ఎన్నాళ్ళో బతకలేదు. బాగా తిరుగుతున్న పిల్లణ్ణి తీసుకెళ్ళి చంపుకున్నాడని ఊళ్ళకు ఊళ్ళే అన్నాయి.

అప్పటినుంచి గురువు తాతకు ఒక అలవాటు వచ్చింది. మనిషి ఎదురైతే ముఖం చూసేవాడు కాదు, ముందు పాదాలు చూసేవాడు. చూసి, అనుమానం వస్తే, మర్నాడు ఆ ఇంటికి నడుచుకుంటూ వచ్చి గుమ్మంలో కూర్చునేవాడు. తిన్నారా అని అడిగి, అవీ ఇవీ మాట్లాడి, పలాస ఆసుపత్రికి వెళ్దాం రండి, నేను తోడొస్తాను అనేవాడు. కొందరు వెళ్ళేవారు. చాలామంది వెళ్ళేవారు కాదు. అతను వీధిలో వస్తున్నాడంటే అరుగుల మీద కూర్చున్న మగవాళ్ళు లుంగీలు కిందికి జార్చి పాదాలు కప్పుకోవడం నేను కళ్ళారా చూశాను. అతను వెళ్ళిన ఇంట్లో మనిషి పోతాడని పిల్లలం చెప్పుకునేవాళ్ళం. బడికి వెళ్ళే దారిలో అతను ఎదురైతే నేను ఇసుకలోకి కాళ్ళు దూర్చేసుకుని నిలబడేదాన్ని. దాటిపోయాక పరుగెత్తేదాన్ని.

ఆ ఏడు ఎండలు ముదురుతుండగా తాతయ్య చెప్పులు మానేశాడు. ఇరుకుగా ఉన్నాయన్నాడు. పొద్దున లేచేసరికి ఆయన కళ్ళ కింద ఉబ్బి ఉండేది. నాన్నమ్మ చూసింది, నేనూ చూశాను. ఒకళ్ళతో ఒకళ్ళం అనుకోలేదు. నాన్నమ్మ కూరల్లో ఉప్పు తగ్గించింది, ఎందుకని ఎవరూ అడగలేదు. నేను సాయంత్రం దీపం దగ్గర మొక్కుకోవడం మొదలుపెట్టింది అప్పుడే. తాతయ్యకు నయం కావాలని కాదు నా మొక్కు. గురువు తాత మా ఇంటికి రాకూడదని.

నాటకం ఆడే రోజు పొద్దున జట్టంతా గురువుగారి వాకిట్లో చేరడం ఆచారం. అతను పీట మీద కూర్చుని ఒక్కొక్కరి పాదం ఒళ్ళోకి తీసుకుని తన చేత్తోనే గజ్జె కడతాడు. ముడి వేసి, బొటనవేలితో నొక్కి వదులుతాడు. రాజు వేషమైనా, సేవకుడి వేషమైనా, ఆ చేత్తో కట్టించుకోకుండా రంగం ఎక్కకూడదు. తాతయ్య నాటకంలో చేరిన నాటినుంచీ ఆయన పాదం ఆ ఒళ్ళోకి వెళ్ళని సంబరం లేదు.

ఆ ఏడు వెళ్ళలేదు. కాలిలో ముల్లు దిగింది, సాయంత్రం నేరుగా రంగం దగ్గరికే వచ్చేస్తానని కబురు పంపాడు. మధ్యాహ్నం వసారాలో కూర్చుని రంగు వేసుకోవడం మొదలుపెట్టాడు. అద్దం పట్టుకునే పని నాది. నాన్నమ్మ గజ్జెల పట్టీలు తెచ్చింది. చీలమండల చుట్టూ అందలేదు. ఆవిడ ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి, పాత చీర అంచు చింపి తెచ్చి, పట్టీకి జోడించి కుట్టింది. కుడుతుంటే ఆవిడ సూది కిందపడింది. వెతికి ఇచ్చాను. తాతయ్య అద్దంలోకే చూస్తున్నాడు. ఆ కుట్టిన పట్టీలు కట్టింది నేను. నా వేళ్ళ కింద ఆయన చర్మం నునుపుగా, చల్లగా, మెత్తటి పిండిలా ఉంది.

సగం ముఖానికి రంగు పూర్తయ్యేసరికి, అద్దం పక్కనుంచి కొబ్బరిచెట్ల మధ్య ఒక గొడుగు కనపడింది. దాని కింద జారిన భుజం.

నేను చెప్పలేదు. తాతయ్య నా ముఖం చూసి వెనక్కి తిరిగాడు. లేచి నిలబడ్డాడు. అడుగు వేయలేదు, కదల్లేదు, అయినా కాళ్ళకున్న గజ్జెలు వాటంతటవే సన్నగా మోగాయి. ఆయన వణుకుతున్నాడని ఆ చప్పుడును బట్టి తెలిసింది. రంగం మీద ఆయన వణకడం ఎన్నిసార్లో చూశాను. అప్పుడు గజ్జెలు తాళానికి మోగేవి. ఇది తాళం కాదు.

గురువు తాత గొడుగు ముడిచి గోడకు ఆనించాడు. వసారాలో కింద కూర్చున్నాడు. సగం రాక్షసుడిగా, సగం తాతయ్యగా ఉన్న ఆ ముఖం వైపు చూసి, రంగం మీద ఏ గొంతుతో అంటాడో ఆ గొంతుతోనే అడిగాడు, బువ్వ తిన్నావేటిరా అని.

తాతయ్య మెల్లగా మళ్ళీ కూర్చున్నాడు. గురువు తాత చేయి చాచి ఆయన పాదాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. నాన్నమ్మ కుట్టిన చీర అంచును వేళ్ళతో తడిమాడు. ముడి విప్పాడు. చీలమండ మీద బొటనవేలు పెట్టి నొక్కి తీశాడు. అక్కడ చిన్న గుంట పడింది. నలుగురం ఆ గుంటనే చూస్తూ ఉండిపోయాం. అది పూడుతుందేమోనని చూశాం. వర్షం పడ్డాక ఇసుకలో మేక గిట్ట పడ్డట్టు, అది అలాగే ఉండిపోయింది.

అప్పుడు తాతయ్య అరిచాడు. ధూమకర్ణుడి గొంతు అది, కానీ మాటలు నాటకంలోవి కావు.

"నీ కొడుకుని నువ్వే సంపుకున్నావు. ఇప్పుడు నా కోసం వచ్చినావా?"

నాన్నమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కింటి గోడ మీదినుంచి ఎవరో తొంగిచూసి వెంటనే తల దించేశారు. గురువు తాత పాదాన్ని వదల్లేదు. కాకులు అరుస్తున్నాయి. అతను లేచి వెళ్ళిపోతాడని నేను అనుకున్నాను. వెళ్ళిపోవాలని కోరుకున్నాను.

"నిజివేరా," అన్నాడు చివరికి. "ఆణ్ణి ఆలీసంగా తీసుకెల్లాను. అందుకే నీ కాడికి తొందరగా వచ్చాను."

తర్వాత రెండో కాలి గజ్జె కూడా విప్పి, రెండూ జతచేసి పక్కన పెట్టాడు. ఈ కాళ్ళకు గజ్జె కట్టనన్నాడు. కోపంగా అనలేదు. పాపా, చెంబుతో నీళ్ళు తే అని నాతో చెప్పాడు. నేను తెచ్చాను. తాతయ్య అరుగు చివర గొంతుక్కూర్చున్నాడు. నేను పోస్తుంటే ఆయనే ముఖం కడుక్కున్నాడు. పసుపు, ఎరుపు, మసి కలిసి గుమ్మం ముందు ఇసుకలోకి ఇంకిపోయాయి. రంగు కింద ఆయన ముఖం రంగు కంటే పసుపుగా ఉంది. అది ఆ రోజే నాకు సరిగ్గా కనపడింది.

ఆ సాయంత్రం మేమెవరమూ నాటకానికి వెళ్ళలేదు. ధూమకర్ణుడు లేకుండానే ఆడారని మర్నాడు హాస్యగాడి వేషం వేసే మావ చెప్పాడు. ముని వచ్చి ఖాళీ సింహాసనాన్ని అడిగాడట, బువ్వ తిన్నావేటిరా అని. ముందు కొందరు నవ్వారట. తర్వాత ఎవరూ నవ్వలేదట. పలాస ప్రయాణం మాత్రం ఆ మర్నాడే మొదలవలేదు. తప్పించుకోవడానికి తాతయ్య దగ్గర ఇంకా సాకులున్నాయి. కొబ్బరికాయలు దింపాలన్నాడు. తర్వాత మంచి రోజు కాదన్నాడు. ఆఖరికి పాప వస్తేనే వస్తానన్నాడు, బడి ఉన్న రోజు పిల్లని పంపరు కదా అని. గురువు తాత మా మాస్టారు దగ్గరికి వెళ్ళి సెలవు అడిగి వచ్చి, ఇక పదరా అన్నాడు. ఇన్నేళ్ళు రాకాసి వేషం కట్టి పిల్ల కొంగు పట్టుకుంటావేటిరా అని నాన్నమ్మ ముందే ఎత్తిపొడిచాడు కూడా. ఆ రోజుల్లో మా ఇంట్లో నవ్వు వినపడింది ఆ ఒక్కసారే.

పలాసలో రక్తం తీసేచోట ఆకుపచ్చ రంగు వేసిన బల్ల ఒకటి ఉండేది. తాతయ్య నడుమ, అటు గురువు తాత, ఇటు నేను కూర్చున్నాం. సూది గుచ్చేటప్పుడు తాతయ్య కళ్ళు మూసుకుని పద్యం గొణుక్కున్నాడు. గురువు తాత ఆయన రెండో చేయి పట్టుకున్నాడు. సాయంత్రం డాక్టరుగారు లోపలికి పిలిచి మెల్లగా చెప్పారు. జబ్బు చాలా దూరం వచ్చింది. మందులతో, పథ్యంతో కొన్నాళ్ళు ఆపవచ్చు, వెనక్కి తిప్పలేం. ముందే వచ్చి ఉంటే బాగుండేదని కూడా అన్నారు. ఆ మాటకు నేను గురువు తాత వైపు చూశాను. తొందరగా వచ్చాననుకున్న మనిషి ఈసారీ ఆలస్యమే అయ్యాడు. అతను తల వంచుకుని తన అరచేతులు చూసుకుంటున్నాడు.

బస్సు కోసం నిలబడ్డచోట అతను మందులు కొనడానికి రోడ్డు దాటి వెళ్ళాడు. జీడిపప్పు వేగే వాసన ఊరంతా కమ్ముకుని ఉంది. తాతయ్య నా భుజం మీద చేయి వేసి నిలబడ్డాడు. ఏదో ఒకటి మాట్లాడాలని, వేరే ఏమీ తోచక, నేను నా పాత ప్రశ్నే అడిగాను. గజ్జె కట్టినరోజు చెప్తానన్నావు, ఇక కట్టవు కదా, ఇప్పుడు చెప్పు అన్నాను. పిల్లలకు ఎంత మాట ఎప్పుడు అంటున్నారో తెలియదు. తాతయ్య నొచ్చుకోలేదు. రోడ్డుకు అవతల మందుల కొట్టు ముందు, కింద రాయి చూసుకుని జాగ్రత్తగా మెట్టెక్కుతున్న ఆ జారిన భుజాన్నే చూస్తూ చెప్పాడు.

"సంపడానికి వచ్చినోడైతే కత్తి తీసి ఎదురెల్తాడే రాకాసి. ఆడికి యుద్ధం కొత్త కాదు. బతికించుకోడానికి వచ్చినోడి మీద ఏ కత్తి తీత్తాడు?"

కాసేపాగి, తనలో తాను అనుకున్నట్టుగా, ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. లోకమంతా తన కిరీటాన్ని చూసి పారిపోతుంటే రాకాసికి అలవాటేనట. ముని మాత్రం కిరీటం చూడడు, కింద పాదాలు చూస్తాడు. రాకాసి తన పాదాలు తాను చూసుకోడానికే భయపడతాడట. ఇంకా ఏదో చెప్పబోయాడు గానీ బస్సు వచ్చింది.

ఆ తర్వాత తాతయ్య కొన్నేళ్ళు బతికాడు. ఆ ఏళ్ళు సుఖంగా గడిచాయని చెప్పను. నీళ్ళు కొలిచి తాగాలి. అరటిపండు తినకూడదు. అన్నింటికంటే, కొబ్బరి బొండాం తాగకూడదన్నారు. చేతులారా పెంచిన చెట్ల కింద మంచం వేసుకుని, దింపిన బొండాలు బండ్లకెక్కుతుంటే చూస్తూ పడుకునేవాడు. వేసవిలో పెదాలు ఎండిపోతే నాన్నమ్మ తడిగుడ్డతో తుడిచేది. గురువు తాత వచ్చేవాడు. ఇద్దరూ పాత పద్యాలు మెల్లగా పాడుకునేవారు. అతను వచ్చినప్పుడు మా వీధిలో ఇంకా కొందరు పాదాలు కప్పుకుంటూనే ఉన్నారు. ఒకరిద్దరు మాత్రం తామే లేచి అతని దగ్గరికి వచ్చి, లుంగీ కాస్త పైకెత్తి, మాట్లాడకుండా నిలబడేవారు.

నేను టెక్కలి కాలేజీలో చేరాక తాతయ్యకు బాగా ముదిరింది. సెలవులకు ఇంటికి వస్తే వసారాలో మంచం మీద ఎముకలు, ఉబ్బు, మూలుగు. నాకు చూడటం చేతకాలేదు. మా తాతయ్య అన్న మనిషి ఆ మంచం మీద లేడని నన్ను నేను నమ్మించుకుని, వాకిలి దారి మానేశాను. బస్సు దిగి, జీడితోటలోంచి చుట్టూ తిరిగి, వెనక తలుపు తోసుకుని వచ్చేదాన్ని. ఎదురింటి వాళ్ళు ఏమనుకున్నారో తెలియదు. పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని లోపలి గదిలో కూర్చునేదాన్ని. నాన్నమ్మ పిలిచి మందు ఇచ్చి రమ్మంటే ఇచ్చి, తల తిప్పుకుని వచ్చేసేదాన్ని. ధూమకర్ణుడు సైన్యాన్ని గుడిసె చుట్టూ ఎందుకు తిప్పాడో ఆ రోజుల్లో నన్ను ఎవరైనా అడిగి ఉంటే, జవాబు చెప్పగలిగేదాన్ని.

ఇప్పుడు ప్రతి ఏడూ ఒకసారి పలాస వెళ్ళి పరీక్షకు రక్తం ఇచ్చి వస్తాను. ఆ బల్లకు ఇప్పుడు వేరే రంగు వేశారు. ఎవరూ పంపకుండానే వెళ్తాను, అయినా నా పేరు పిలిచేవరకు కాళ్ళు వణుకుతూనే ఉంటాయి. ఆ భయం పోయిందని అబద్ధం రాయను. భయపడుతూనే ముందు వాకిలిలోంచి వెళ్ళడం మాత్రం కొంత అలవాటైంది. గురువు తాత ఇప్పుడు నడవలేడు. తీరిక దొరికితే పల్లెకు వెళ్ళి ఆయన దగ్గర కూర్చుంటాను. చూపు తగ్గినా ముందు పాదాలే చూస్తాడు. నేను ఇసుకలోకి దూర్చుకోను. ఆయనకు బాగా కనపడేలా ముందుకు చాపుతాను.

తాతయ్యను ఆఖరిసారి చూసింది ఒక సెలవు రోజు మధ్యాహ్నం. ఎప్పటిలాగే జీడితోట వైపు నుంచి వచ్చాను. చప్పుడు కాకూడదని కాలి పట్టీలు ముందే తీసి సంచిలో వేసుకున్నాను. వెనక గుమ్మం దాటి లోపలి గదిలో అడుగుపెట్టాను. వసారాలోంచి పాపా అని పిలుపు వినపడింది. ఎలా తెలిసిందో తెలియదు. ఇక తప్పించుకోవడానికి దారి లేక వెళ్ళి, మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను. ఇన్నాళ్ళు ఎటు పోయావని అడుగుతాడనుకున్నాను. నా ముఖం చూడటానికి భయపడ్డావా అని అడుగుతాడనుకున్నాను. అడిగి ఉంటే ఏడ్చో, అబద్ధం చెప్పో బయటపడేదాన్ని. ఆయన కళ్ళు బరువుగా తెరిచి, పట్టీలు లేని నా పాదాలను చూశాడు. చాలాసేపు చూశాడు. గుక్కెడు నీళ్ళు కూడా కొలిచి తాగే ఆ ఎండిన పెదాలు కదిలాయి. రాక్షసుడి గొంతు కాదు అది. జీవితమంతా సింహాసనం వెనక నిలబడి విన్న, ఆ రెండో మనిషి గొంతు.

"బువ్వ తిన్నావేటే, పాపా?"